ముల్లు చూస్తూ నిలబడటం

మా వైపు ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం. పెట్టకపోతే వైద్యం జరగనట్టే. "ఇవాళ కరెంటు పెట్టలేదేంటండీ?" అని పేషెంటు కొడుకు అడుగుతాడు. ఆ సమయానికి నేను వాళ్ల నాన్నగారిని రెండు బరువు మిషన్ల మీద నిలబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని ఉంటాను. చూసేవాళ్లకి అది వైద్యంలా కనిపించదు. ఫీజు ఇచ్చేవాళ్లకి ఏదో ఒకటి జివ్వుమనాలి, లేదంటే కనీసం నూనె రాసి మర్దనా అయినా చెయ్యాలి. బరువు చూసుకోవడానికి ఆటో మాట్లాడుకుని ఇంత దూరం రావాలా అన్న ప్రశ్న వాళ్ల మొహంలో కనిపిస్తూనే ఉంటుంది.

పల్నాడులో ఒక పట్టణంలో చిన్న క్లినిక్ నాది. మోకాళ్ల నొప్పులు, మెడ నొప్పులు, విరిగి అతికించిన చేతులు అన్నీ వస్తాయి. నా మనసు మాత్రం పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గరే ఎక్కువ ఉంటుంది. వాళ్లు నా దాకా చేరే దారులు రకరకాలు. ఆసుపత్రిలో డిశ్చార్జి కాగానే నేరుగా వచ్చేవాళ్లు కొందరు. చిత్తూరు వైపు విరూపాక్షపురం వెళ్లి నాటుమందు తీసుకుని వచ్చేవాళ్లు కొందరు. పావురం రక్తం రాయించుకుని, అదేమీ చెయ్యలేదని తేలాక వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎవరితోనూ వాదన పెట్టుకోను. వచ్చిన మనిషిని నిలబెట్టడం నా పని.

"కాలికి బలం రాలేదండీ." దాదాపు అందరూ చెప్పే మొదటి మాట ఇదే. మంచం మీద పడుకోబెట్టి, "నా చేతిని తన్నండి బాబాయ్" అంటే చాలామంది బాగానే తన్నుతారు. లేపి నిలబెడితే అదే కాలు నేలకి ఆని ఊరికే ఉంటుంది, బరువంతా మంచి కాలు మీదే. బలం కొంత తగ్గిన మాట నిజమే. కానీ చాలామంది విషయంలో అసలు లోటు వేరే చోట ఉంటుంది. పేషెంటు కళ్లు మూయించి, పడిపోయిన కాలి బొటనవేలిని రెండు పక్కల నుంచీ పట్టుకుని పైకీ కిందకీ కదుపుతాను. పైనుంచీ కిందనుంచీ పట్టుకుంటే నొక్కిన ఒత్తిడిని బట్టి చెప్పేస్తారు, అందుకని పక్కల నుంచి. "వేలు ఇప్పుడెటు ఉంది?" అంటే "పైకి" అంటాడు. ఉన్నది కిందికి. మళ్లీ అడిగితే ఊహించి చెబుతాడు. పక్కనున్న ఇంటివాళ్లకి నేను ఎంత చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క పరీక్షతో ఎక్కుతుంది. "తన వేలు ఎక్కడుందో తనకే తెలియట్లేదా!" అని ఆశ్చర్యపోతారు. ఒకావిడ అయితే వెంటనే పట్టేసింది: "అందుకేనా అండీ, కరెంటు పోయినప్పుడల్లా పడిపోతున్నారు?"

అందుకే. మనిషి నిలబడటానికి కబురు మూడు చోట్ల నుంచి అందాలి: కన్ను, లోపలి చెవి, పాదాల నుంచి మెడ దాకా ఉన్న చర్మం, కండరాలు, కీళ్లు. స్ట్రోక్ తర్వాత చాలామందికి చెవి బాగానే ఉంటుంది, కన్నూ బాగానే ఉంటుంది. మూడోదే దారిలో ఎక్కడో తెగిపోతుంది, లేదా మెదడు దాకా వచ్చినా అక్కడ చదివేవాళ్లుండరు. అప్పుడు మనిషి కళ్ల మీదే ఆధారపడతాడు. చీకటి పడినా, వాష్ బేసిన్ దగ్గర మొహం కడుక్కుంటూ కళ్లు మూసుకున్నా ఊగిపోతాడు. 19వ శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు రాంబెర్గ్ వెన్నుపాము జబ్బు ఉన్నవాళ్లలో దీన్ని గమనించి రాశాడు. పాదాలు దగ్గర పెట్టించి కళ్లు మూయించే ఆ పరీక్ష ఇప్పటికీ ఆయన పేరుతోనే చేస్తున్నాం.

సొంత దారిలో రాని కబురుని ఇంకో దారిలో పంపడమే బయోఫీడ్‌బ్యాక్. పాదం చెప్పలేనిది కంటికి చూపించాలి, లేదా చెవికి వినిపించాలి, లేదా వేరే చోట చర్మానికి తగిలించాలి. పేరు పెద్దదే గానీ పనికి కావలసింది నా దగ్గర రెండు ముల్లు మిషన్లు. ముల్లు మిషన్లే ఎందుకంటే, డిజిటల్ మిషన్ మనిషి కదలకుండా నిలబడితేగాని అంకె చూపించదు. మా పేషెంటు కదలకుండా నిలబడలేకే కదా ఇక్కడికి వచ్చింది! పైగా ఒకసారి అంకె చూపించాక అది అక్కడే ఆగిపోతుంది. ముల్లు అలా కాదు, మనిషి ఎంత ఊగితే అంత ఊగుతుంది. ప్యారలల్ బార్స్ మధ్య రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కో మిషన్ మీద పెట్టిస్తాను. అరవై కిలోల మనిషికి మంచి కాలు కింద నలభై రెండు, పడిపోయిన కాలు కింద పద్దెనిమిది కనిపిస్తే నాకేమీ ఆశ్చర్యం ఉండదు. ఆశ్చర్యమంతా పేషెంటుదే. ఆయన లెక్కలో ఆయన సమానంగానే నిలబడి ఉన్నాడు.

డయల్ మీద ఇరవై ఐదు దగ్గర చిన్న ఎర్ర టేపు అంటిస్తాను. "ముల్లు టేపు దాటాలి" అన్నదొక్కటే నా సూచన. అంకెలు చదవడం రానివాళ్లకీ ఇది చాలు. మాట పోయినవాళ్ల దగ్గర దీని విలువ ఇంకా బాగా తెలిసింది. స్ట్రోక్‌తో కుడి పక్క పడిపోయి, మాట కూడా పోయిన ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. జీవితమంతా మాటలతో పాఠం చెప్పిన మనిషికి ఇప్పుడు "కుడి కాలి మీద బరువు వెయ్యండి మాస్టారూ" అంటే అర్థమయ్యేది కాదు. నేను గొంతు పెంచేకొద్దీ ఆయనకి కోపం, ఆ వెనకే ఏడుపు. మిషన్ల మీద నిలబెట్టి, ముల్లు వైపు చూపించి, ఆయన నడుముని చేత్తో కాస్త కుడికి జరిపాను. ముల్లు కదిలింది. నా చెయ్యి తీసేశాను, ముల్లు వెనక్కి వచ్చింది. ఆయన ఒకసారి నా వైపు చూసి, తనంతట తనే ముల్లుని టేపు దాకా తీసుకెళ్లారు. మా ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు. ఆ తర్వాత ఆయనకి ఏ వ్యాయామం నేర్పాలన్నా ముందు నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇంకో రకం పేషెంట్లున్నారు. వీళ్లు పడిపోయిన వైపు నుంచి దూరం జరగరు, అటే పోతారు. మంచి చేత్తో మంచం అంచు పట్టుకుని ఒళ్లంతా చచ్చుబడిన వైపుకి నెట్టుకుంటారు. నిటారుగా చెయ్యబోతే "పడేస్తున్నారు, పడేస్తున్నారు" అని అరుస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఫిజియోలు పేషెంటు మొండితనం అనుకునేది దీన్నే. పట్రీషియా డేవిస్ అనే ఫిజియోథెరపిస్టు 1985లో తన పుస్తకంలో దీన్ని వివరించింది. 2000లో జర్మనీలో కార్నాత్, ఆయన సహచరులు ఇలాంటి పేషెంట్లని వంచే కుర్చీలో కూర్చోబెట్టి కొలిచారు. కళ్లు మూసుకున్నప్పుడు వీళ్లకి "ఇదిగో, ఇప్పుడు నిటారుగా ఉన్నాను" అనిపించిన చోటు అసలు నిలువుకి దాదాపు 18 డిగ్రీలు పక్కకి ఉంది. విచిత్రమేమిటంటే కంటితో చూసే నిలువులో మాత్రం పెద్ద తేడా లేదు. గోడ నిలువుగా ఉందా అంటే సరిగ్గానే చెబుతారు. ఒళ్లు చెప్పేదే తప్పు.

దీన్ని ఆధారం చేసుకునే వైద్యం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. ఎదురుగా తలుపు ద్వారబంధం ఉంటే చాలు. నేనైతే మేస్త్రి గోడ నిలువు చూసుకోవడానికి దారానికి వేలాడదీసే ఇత్తడి గుండు ఒకటి కొని, సీలింగ్ హుక్కుకి కట్టాను. ఎడమ పక్క పడిపోయిన ఒక మిర్చి రైతుని దాని ఎదురుగా కూర్చోబెట్టాను. సొంత ఇల్లు దగ్గరుండి కట్టించుకున్న మనిషి, ఆ గుండు ఏమిటో ఆయనకి చెప్పక్కర్లేదు.

"దారం వంకరా, మీరు వంకరా?" అన్నాను.

చాలాసేపు చూశాడు. "దారమెందుకు వంకరగా ఉంటాదండీ? నేనే అయ్యుంటా. కానీ కన్ను చెప్పేదొకటి, ఒళ్లు చెప్పేదొకటి. ఎవరి మాట వినాలి?"

"ప్రస్తుతానికి కన్ను మాట వినండి."

ప్రస్తుతానికి అని ఊరికే అనలేదు. కంటిని నమ్మి నిటారుగా కూర్చోవడం వేరు, ఒంటికే నిటారు మళ్లీ తెలియడం వేరు. ఈ నెట్టుకునే గుణం చాలామందిలో ఆరు నెలల లోపు తగ్గిపోతుంది. అప్పటిదాకా దారం కావాలి. ఎదురుగా దారం లేనప్పుడు కూడా కూర్చోగలిగే దాకా నా పని అవ్వదు.

కంటికి చూపించడం అందరికీ కుదరదు. ఎడమ వైపు ప్రపంచాన్నే పట్టించుకోని పేషెంట్లుంటారు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేస్తారు. వాళ్ల ముందు రెండు డయల్స్ పెడితే కుడిదాన్నే చూస్తారు. వాళ్లకి శబ్దం నయం. చెప్పులో మడమ కింద ఒక స్విచ్చు, దానికో బజర్ పెడితే బరువు పడగానే మోగుతుంది. మోత విని ఇంట్లో పిల్లలు నవ్వుతారు, తాతయ్య కూడా నవ్వుతాడు. బాగానే పనిచేస్తుంది.

మధ్యలో కొన్నాళ్లు నేను స్క్రీన్ మోజులో పడ్డాను. మనిషి ఊగడం కొలవడానికి ఆసుపత్రుల్లో వాడే ఫోర్స్ ప్లాట్‌ఫామ్ లక్షల్లో ఉంటుంది, మనకి అందదు. నింటెండో కంపెనీ 2007లో ఆటల కోసం తెచ్చిన వీ బ్యాలెన్స్ బోర్డులో నాలుగు మూలలా నాలుగు బరువు సెన్సర్లుంటాయి. ఆ బోర్డు కొలతలు ప్రయోగశాల పరికరానికి దీటుగానే ఉన్నాయని 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించాక ప్రపంచమంతా ఫిజియోలు పాత బోర్డుల కోసం వెతికారు. నాకు అమెరికాలో ఉన్న మేనల్లుడు ఒకటి తెచ్చిచ్చాడు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు బ్లూటూత్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, తెర మీద చుక్క కదిలే చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టాడు. మనిషి వాలినవైపు చుక్క కదులుతుంది, వృత్తంలో ఉంచాలి. కరెంటు గురించి అడగడం మానేశారు జనం. కంప్యూటర్ వైద్యం వచ్చిందని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు.

బాగా ఆడినవాళ్లలో ఒక ఆర్టీసీ డ్రైవరు ఉండేవాడు. చుక్కని వృత్తంలో కదలకుండా నిలబెట్టేవాడు, నాకే సాధ్యం కానంత బాగా. ఒకరోజు ఆయన బోర్డు దిగి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి భార్య పిలిచింది. అటు తిరిగాడు, తూలి బార్ పట్టుకున్నాడు. తిరిగేటప్పుడు బరువంతా మళ్లీ మంచి కాలి మీదే ఉంది. తెర ముందు నేర్చుకున్నది తెర ముందే ఉండిపోయింది.

ఇది మా క్లినిక్‌కి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 1989లోనే కెరోలిన్ విన్‌స్టీన్ బృందం అమెరికాలో ఇదే చూసింది. ఫీడ్‌బ్యాక్‌తో శిక్షణ పొందినవాళ్లు నిలబడేటప్పుడు రెండు కాళ్ల మీదా బరువు బాగా పంచుకున్నారు, నడకలోని వంకర మాత్రం దాని వల్ల తగ్గలేదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2004 నాటి కాక్రేన్ సమీక్షా అదే తేల్చింది: నిలబడే తీరు సమానమైంది గానీ బ్యాలెన్స్ పరీక్షల స్కోరూ, సొంత పనులు చేసుకునే శక్తీ మెరుగైనట్టు కనబడలేదు. దీన్ని చదివి కొందరు ఫీడ్‌బ్యాకే దండగ అంటారు. నేను అలా అనుకోను. పరికరం ఇచ్చేవాళ్లు దాన్ని ఎప్పుడు తీసెయ్యాలో కూడా చెప్పాలి, చాలాచోట్ల ఆ రెండో సగం లేదు. ప్రతి ప్రయత్నానికీ జవాబు చెబుతూ పోతే మనిషి జవాబు మీదే ఆనుకుంటాడు. చేతి కదలికలు నేర్పే ప్రయోగంలో, సగం ప్రయత్నాలకే ఫలితం చెప్పినవాళ్లు తర్వాత సాయం లేకుండా పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారని 1990లో ఇదే విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ చూపించారు.

ఈ విషయంలో నాకు మెదడు పరిశోధకుడు పాల్ బాక్-ఇ-రీటా ఇంటి కథ ఎప్పుడూ గుర్తొస్తుంది. ఆయన తండ్రి పెద్రో కాటలాన్ కవి, న్యూయార్క్ సిటీ కాలేజీలో ప్రొఫెసరు. 1959లో, అరవై ఐదేళ్ల వయసులో పక్షవాతం వచ్చి ఒక పక్కా మాటా పోయాయి. ఇక ఇంతేనన్నారు డాక్టర్లు. మెక్సికోలో వైద్యం చదువుతున్న చిన్న కొడుకు జార్జ్‌కి పునరావాసం సంగతులేమీ తెలియవు. తెలియకపోవడమే మంచిదైంది. తండ్రికి మోకాళ్లకి ప్యాడ్లు కట్టి, చచ్చుబడిన భుజం గోడకి ఆనించి, నెలల తరబడి పాకించాడు. ఇరుగుపొరుగు చూసి, ప్రొఫెసరు గారిని అలా పాకిస్తారా అని ముక్కున వేలేసుకున్నారట. ముందు పాకాడు, తర్వాత నిలబడ్డాడు, తర్వాత నడిచాడు. ఏడాదికల్లా మళ్లీ పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. డెబ్బై రెండేళ్లప్పుడు కొలంబియాలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో పోయాడు. శవపరీక్షలో మెదడు నుంచి వెన్నులోకి దిగే నరాల్లో చాలా భాగం దెబ్బతినే ఉందని తేలింది. ఈ కథ చెప్పేవాళ్లంతా మెదడు గొప్పదనం గురించే చెబుతారు. నాకు గోడ మీద మనసు పోతుంది. భుజం అటుఇటు కాకుండా పట్టి ఉంచింది, ఎంత వాలుతున్నాడో క్షణక్షణం చెప్పింది ఆ గోడే.

పెద్ద కొడుకు పాల్ ఆ తర్వాత జీవితమంతా ఒక ఇంద్రియం పని ఇంకోదానితో చేయించడం మీదే గడిపాడు. చూపు లేనివాళ్లకి వీపు మీద కంపనాలతో బొమ్మలు చూపించే కుర్చీ గురించి 1969లో నేచర్ పత్రికలో రాశాడు. ఆఖరి ఏళ్లలో చేసిందే నాలుక మీద పెట్టుకునే ఎలక్ట్రోడ్ల పలక. తల ఎటు వాలితే చిమచిమ నాలుక మీద అటు జరుగుతుంది. నాలుకే ఎందుకంటే అది ఎప్పుడూ తడిగా ఉంటుంది, నరాలు దట్టంగా ఉంటాయి, చాలా కొద్ది కరెంటు చాలు. జెంటమైసిన్ మందు వల్ల లోపలి చెవి పాడై, నిలబడలేకపోయిన షెరిల్ షిల్ట్జ్ అనే ఆవిడ దాంతో నిలబడింది. అంతకంటే ముఖ్యం, తీసేశాక కూడా కాసేపు నిలబడగలిగింది. ఆ కాసేపు మొదట సెకన్లే. వాడేకొద్దీ నిమిషాలైంది, గంటలైంది. ఆవిడకి వచ్చింది స్ట్రోక్ కాదు, స్ట్రోక్ పేషెంట్లతో ఈ పరికరం మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కాబట్టి దాన్ని కొనమని నేనెవరికీ చెప్పను. కానీ ఆ తీసేశాక మిగిలే సమయం ఉంది చూశారూ, నేను కొలవాల్సింది అదే అని నాకు అర్థమైంది.

అప్పటినుంచి ముల్లు మిషన్‌కి ఒక అట్టముక్క జతైంది. కొన్ని రోజులు ముల్లు చూస్తూ నిలబడతాడు. తర్వాత డయల్ మీద అట్ట పెట్టి అడుగుతాను, "ఇప్పుడు ఎడమ కాలు కింద ఎంత ఉంటుంది బాబాయ్?" "ఇరవై రెండు" అంటాడు. అట్ట తీస్తే పదిహేడు. "అరె!" అంటాడు. ఆ 'అరె'లోనే వైద్యం ఉంది. మళ్లీ అట్ట పెడతాను, మళ్లీ ఊహించమంటాను. రోజులు గడిచేకొద్దీ ఊహకీ ముల్లుకీ మధ్య దూరం తగ్గుతుంది. ఒకటి రెండు కిలోల్లోకి వచ్చిందంటే పాదం మాట్లాడుతోందన్నమాట, ఇక అట్ట తియ్యను. అలా నిలబెట్టే, ఆయన చేతికి నీళ్ల గ్లాసిస్తాను, మిర్చి రేటెంతుందో అడుగుతాను, వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తాను. పేషెంట్లకి ఈ దశ నచ్చదు. "ఆ అట్ట ఎందుకండీ, కనపడనివ్వండి" అని పేచీ పెడతారు. స్కోరు కనిపిస్తూ ఉంటే అదో తృప్తి, కాదనను.

ఇంటివాళ్ల చెయ్యి కూడా ఫీడ్‌బ్యాకే. కొడుకు ప్రేమకొద్దీ తండ్రి రెక్క పుచ్చుకుని పైకి లాగి నడిపిస్తాడు. ఆ లాగుడుకి బరువు అటు పోతుంది, పాదానికి పని ఉండదు. నేను ఒక్క వేలు ఇవ్వమంటాను. వేలికొసతో దేన్నైనా ఊరికే తాకితే చాలు, నూరు గ్రాముల లోపు ఒత్తిడితోనే, ఒళ్లు ఊగడం తగ్గుతుందని 1994లో జెకా, లాక్నర్ అనే ఇద్దరు చూపించారు. అంత తక్కువ ఒత్తిడి మనిషిని మొయ్యలేదు, కబురు మాత్రం ఇస్తుంది. "వేలా? పడిపోతే ఎవరిదండీ బాధ్యత?" అని కొడుకులు భయపడతారు. ఇంకో చెయ్యి వీపు వెనక సిద్ధంగా పెట్టుకోమంటాను, తగలకుండా.

బెర్గ్ బ్యాలెన్స్ పరీక్షలో 14 పనులు, మొత్తం 56 మార్కులు. అందులో ఒకటి నేల మీది చెప్పు వంగి తియ్యడం. కెనడాలో తయారైన ఆ పరీక్షలో మన ఇళ్లకి సరిపోయే పని అదొక్కటే అని సరదాగా అంటుంటాను. గడప దాటడం, తడి బాత్రూంలో పీట మీద నుంచి లేవడం, పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని తిరగడం దాంట్లో లేవు. అందుకే ఆఖరి వారాల్లో వీలైతే ఇంటికే వెళతాను. మడమ పట్టీ లేని హవాయి చెప్పులు తీయిస్తాను, స్పర్శ తగ్గిన పాదం నుంచి అవి ఎప్పుడు జారిపోయాయో తెలియదు. రాత్రిపూట బాత్రూం దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండమంటాను. ఇంట్లో వట్టి పాదాలతో తిరిగే మన అలవాటు ఇక్కడ మేలే చేస్తుంది, నేల జారకపోతే.

ముల్లు మిషన్లు కొంతమందికి ఇంటి కోసం కొనిపిస్తాను. సెంటర్లో టిఫిన్ బండి నడిపే ఒకావిడ అలా కొనుక్కుంది. బాగా కుదురుకుంది గానీ రోజూ పొద్దున బయటికి వెళ్లే ముందు వాటి మీద నిలబడి రెండు ముళ్లూ చూసుకుంటేగాని గడప దాటేది కాదు. అది లేకపోతే ధైర్యం రాదంది. వాటిని అటక మీద పెట్టేయమని కోడలికి చెప్పాను. పెద్దావిడ నా మీద అలిగి ఒక వారం రాలేదు. ఆ తర్వాత వచ్చింది, చేతికర్ర ఊపుకుంటూ, బండి దగ్గర మళ్లీ చట్నీ పోస్తున్నానని చెప్పింది.

"మిషన్లు అటక మీదే ఉన్నాయా అమ్మా?" అన్నాను.

"ఒకటి ఉందండీ. రెండోది కోడలు దింపింది, గ్యాస్ బండ తూస్తోంది. పోయిన నెల బండ రెండు కిలోలు తక్కువొచ్చిందండీ, డెలివరీ కుర్రాడితో పెద్ద గొడవ."